నమూనాలు మనవి, శాస్త్రమూ మనది కావాలి

ఉద్దానం పేరు వినని తెలుగువారు ఇప్పుడు అరుదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస ప్రాంతాల్లో కొబ్బరి, జీడితోటల నడుమ దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధి ప్రబలుతోంది. దేశవిదేశాల బృందాలు వచ్చి రక్తం, మూత్రం, నీటి నమూనాలు తీసుకువెళ్లాయి. కారణం మాత్రం నేటికీ తేలలేదు. ఈ అన్వేషణకు మన విశ్వవిద్యాలయాలే ఎందుకు కేంద్రం కాకూడదు?

"నానో వైద్యం తరువాత, ముందు డయాలసిస్, మంచినీరు చూడండి" అనేవారున్నారు. అవి తప్పక కావాలి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభం కావడం హర్షణీయం. అయితే డయాలసిస్ వ్యాధి ముదిరాక చేసే చికిత్స. రక్తంలో క్రియాటినిన్ పెరిగేసరికే మూత్రపిండాల శక్తి దాదాపు సగం నశించి ఉంటుంది. ఈ తరహా వ్యాధిలో మూత్రంలో ప్రోటీన్ అంతగా పోదు కనుక మామూలు పట్టీ పరీక్షకూ తొందరగా చిక్కదు.

ఇంట్లో చేసుకునే గర్భనిర్ధారణ పట్టీపై కనిపించే ఎర్రని గీతకు మూలం సాధారణంగా బంగారు నానో రేణువులే. అదే సూత్రంతో మూత్రపిండ నాళికలకు తగిలిన తొలి దెబ్బను పసిగట్టే పట్టీని ఆశా కార్యకర్త చేతికి అందించాలనుకోవడం గొంతెమ్మ కోరికా? ఆంఫోటెరిసిన్ మందు మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. దానినే సూక్ష్మమైన కొవ్వు బుడగల్లో పొదిగి ఇస్తే ఆ హాని బాగా తగ్గుతుంది. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు ఆ ఇంజెక్షన్ కోసం పడిన పాట్లు మరచిపోయామా?

మనకు సంస్థలు లేవా? ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం 2008 నుంచి ఉంది. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం 2022లో, ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ఏర్పడ్డాయి. శ్రీకాకుళంలో వైద్య కళాశాల ఉంది. రోగి ఒకచోట, రసాయన శాస్త్రవేత్త ఒకచోట, ఇంజనీరు మరొకచోట ఉన్నారు. వారిని కలిపే వ్యవస్థే లేదు. అవగాహన ఒప్పందమంటే శాలువాలు, ఛాయాచిత్రాలు, ఆపై బీరువాలో దస్త్రం కాదు.

నేను కోరేవి నాలుగు. ప్రతి పీహెచ్‌డీ విద్యార్థికి ఒక వైద్యుడు, ఒక శాస్త్రవేత్త ఉమ్మడి మార్గదర్శకులుగా ఉండాలి. నమూనాల భాండాగారం ఈ జిల్లాల్లోనే ఉండాలి. ఖరీదైన పరికరాలను అందరూ పంచుకోవాలి. నమూనా ఇచ్చిన ప్రతి గ్రామానికీ ఫలితం తెలుగులో తిరిగి చేరాలి.

"నానో" పేరుతో అంగట్లో అమ్మే పొడులనూ నీటి సీసాలనూ నేను సమర్థించడం లేదు. మూత్రపిండాలపై నానో రేణువుల దుష్ప్రభావాన్ని పరీక్షించడమూ ఈ పరిశోధనలో భాగమే కావాలి.

పాఠకులారా, మీ శాసనసభ్యుడు ఓట్లకు వచ్చినప్పుడు రోడ్డు, కాలువలతోపాటు దీనిని కూడా అడగండి. రక్తం ఇచ్చినవారికి జవాబు అడిగే హక్కు ఉంది.