ఆఖరి బెర్తు ఎవరిది?

మన కాలేజీ సావనీరుకు ఫుట్‌బాల్ గురించి రాయమంటే మొదట నవ్వొచ్చింది. క్రికెట్ స్కోరు అడిగేవాళ్లు ప్రతి వరండాలోనూ పదిమంది ఉంటారు గాని, మన ఫుట్‌బాల్ టీము ఏ రౌండు దాకా వెళ్లిందని అడిగిన మనిషిని ఈ మూడేళ్లలో నేను చూడలేదు. అయినా మాగజైన్ కమిటీ మిత్రులు వదల్లేదు. "ఏదో ఒకటి రాయరా, కాని అందులో నీ అభిప్రాయం ఉండాలి" అన్నారు. సరే, ఉన్న అభిప్రాయాన్నీ, దానితోపాటు రెండేళ్లుగా ఎవరికీ చెప్పని ఒక సంగతినీ మీ ముందు పెడుతున్నాను.

నేను మాట్లాడదలచింది ప్లే-ఆఫ్ గురించి. పరీక్షల భాషలో చెప్పాలంటే ఇది సప్లిమెంటరీ లాంటిది. ఫెయిలయ్యామనడానికి లేదు, పాసయ్యామనడానికీ లేదు. ఇంకొక్క అవకాశం ఉంది, అదీ పోతే ఇంటికే.

ప్రపంచకప్ ఫుట్‌బాల్‌లో ఆతిథ్యమిచ్చే దేశం తప్ప మిగతా అందరూ అర్హత పోటీల గడప దాటి రావలసిందే. ఐరోపా పద్ధతే చూడండి. 2022 ప్రపంచకప్‌కు ఐరోపా వాటాగా 13 స్థానాలు వచ్చాయి. గ్రూపులు 10. గ్రూపు మొదటివాళ్లు పదిమందీ నేరుగా వెళ్లిపోయారు. మిగిలిన 3 స్థానాల కోసం రెండో స్థానం వచ్చిన 10 టీములకూ, నేషన్స్ లీగు నుంచి మరి 2 టీములకూ ప్లే-ఆఫ్‌లో చోటిచ్చారు. పన్నెండు మందికి మూడు కుర్చీలు! 2026 పోటీలను 48 టీములకు పెంచినప్పుడు కూడా ఈ తంతు పోలేదు. ఐరోపాకు 16 స్థానాలిచ్చి, 12 నేరుగా, 4 ప్లే-ఆఫ్ ద్వారా అన్నారు. ఖండాల మధ్య ప్లే-ఆఫ్ వేరే. దానికి ఆరు టీములు, రెండు స్థానాలు.

"ఇంత గొడవెందుకు, పాయింట్లు చూసి ఇచ్చెయ్యొచ్చు గదా" అని మీరనవచ్చు. అక్కడే ఉంది పేచీ. ఒక గ్రూపులో రెండో స్థానం, ఇంకో గ్రూపులో రెండో స్థానం ఒకటి కావు. కొండంత టీములున్న గ్రూపులో 15 పాయింట్లు, పిల్లకాయల్లాంటి టీములున్న గ్రూపులో 20 పాయింట్లు – ఏది గొప్ప? కాగితం మీద తేలదు. ఇక ఆసియాలో ఆడినవాడికీ, దక్షిణ అమెరికాలో ఆడినవాడికీ పోలికేమిటి? ఎదురెదురుగా నిలబెట్టి ఆడించడం తప్ప మార్గం లేదు.

పూర్వం ఈపాటి కూడా లేదు. 1954 ప్రపంచకప్ కోసం స్పెయిన్, టర్కీ తలపడ్డాయి. మాడ్రిడ్‌లో స్పెయిన్ 4-1తో గెలిచింది, ఇస్తాంబుల్‌లో టర్కీ 1-0తో గెలిచింది. అప్పట్లో గోల్స్ తేడా లెక్కలోకి రాదు గనక చెరొక గెలుపు, సమానం. రోమ్‌లో మూడో మాచ్ పెట్టారు. అదీ 2-2. చివరికి ఒక ఇటాలియన్ కుర్రవాడి కళ్లకు గంతలు కట్టి చీటీ తీయించారు. టర్కీ పేరొచ్చింది. స్పెయిన్ ఇంటికి పోయింది. మన ఊళ్లో చీటీపాట కూడా ఇంతకంటే పద్ధతిగా ఉంటుంది!

1958లో ఇంకొక విచిత్రం. ఇజ్రాయెల్‌తో ఆడబోమని టర్కీ, ఇండోనేషియా, ఈజిప్టు, సూడాన్ ఒకరి తర్వాత ఒకరు తప్పుకున్నారు. ఒక్క మాచ్ ఆడకుండానే ఇజ్రాయెల్ ప్రపంచకప్ గుమ్మంలో నిలబడింది. ఆడకుండా రానివ్వం అన్నది ఫిఫా. రెండో స్థానాల్లో ఉండిపోయిన టీములనుంచి లాటరీ తీసి వేల్స్‌ను పిలిచింది. అప్పటికే అర్హత పోగొట్టుకున్న వేల్స్ రెండు మాచ్‌లూ 2-0తో గెలిచి స్వీడన్ వెళ్లింది; క్వార్టర్ ఫైనల్ దాకా పోయి, పదిహేడేళ్ల పీలే కొట్టిన ఒక్క గోలుకు ఓడింది. ఆ తర్వాత మళ్లీ ప్రపంచకప్ మొహం చూడటానికి వేల్స్‌కు 64 ఏళ్లు పట్టింది. 2022 జూన్‌లో కార్డిఫ్‌లో యుక్రెయిన్ మీద 1-0తో గెలిచి వెళ్లింది. అది కూడా ప్లే-ఆఫే!

ప్లే-ఆఫ్‌లో నెగ్గి వచ్చినవాడు అర్హత లేనివాడు, దొడ్డిదారిన వచ్చినవాడు అనే మాట తరచు వింటూంటాం. అది శుద్ధ తప్పు. 1998లో మూడో స్థానం తెచ్చుకున్న క్రొయేషియా ప్లే-ఆఫ్‌లో యుక్రెయిన్‌ను ఓడించి వచ్చినదే. 2002లో ఫైనల్ ఆడిన జర్మనీ, మూడో స్థానం వచ్చిన టర్కీ రెండూ ప్లే-ఆఫ్ మెట్లెక్కినవే. 2010లో ఉరుగ్వే కోస్టారికాను దాటుకుని ఆఖరున వచ్చి నాలుగో స్థానంలో నిలబడింది. 2018లో మళ్లీ క్రొయేషియా, ఈసారి గ్రీసును దాటుకుని వచ్చి, ఏకంగా ఫైనల్ ఆడింది. స్పాట్ అడ్మిషన్‌లో సీటు వచ్చినవాడు క్లాసు ఫస్టు రాకూడదని ఎక్కడుంది?

అలాగని ఈ పద్ధతికి హారతి పట్టమని నేననడం లేదు. ఇటలీ సంగతి చూడండి. 2021 జూలైలో ఐరోపా చాంపియన్. ప్రపంచకప్ అర్హత గ్రూపులో ఎనిమిది మాచ్‌లాడి ఒక్కటీ ఓడలేదు. నాలుగు గెలుపులు, నాలుగు డ్రాలు, 16 పాయింట్లు. స్విట్జర్లాండుకు 18. ఆ స్విట్జర్లాండుతో ఆడిన రెండు మాచ్‌ల్లోనూ ఇటలీ చెరొక పెనాల్టీ వృథా చేసుకుంది. ఒక్కటి పడినా కథ వేరు. 2022 మార్చి 24న పలెర్మోలో, సొంత గడ్డ మీద, ఉత్తర మాసిడోనియాతో ఒకే ఒక మాచ్. ఆట ముగిసే వేళ, 92వ నిమిషంలో ట్రాయ్‌కోవ్‌స్కీ దూరంనుంచి కొట్టిన బంతి వలలో పడింది. ఏడాది కష్టం ఒక్క తన్నుతో మట్టిలో కలిసింది. 2017లో కూడా ఇటలీ స్వీడన్ చేతిలో ఓడింది గాని, అప్పుడు రెండు మాచ్‌లు, 180 నిమిషాలు దొరికాయి. తొంభై నిమిషాల్లో ఒక్క గోలూ కొట్టలేనివాడు ఎవరినీ నిందించకూడదన్న మాట నిజమే. కాని ఒక్క మాచ్‌లో అదృష్టం పాలు ఎక్కువన్నదీ అంతే నిజం.

ఆస్ట్రేలియా వాళ్లనడిగితే ఇంకా బాగా చెబుతారు. 1997లో ఇరాన్‌తో టెహ్రాన్‌లో 1-1, మెల్‌బోర్న్‌లో 2-0 ఆధిక్యంలోకి వెళ్లి చివరికి 2-2. రెండింటిలో ఏదీ ఓడలేదు. అయినా పరాయి గడ్డ మీద ఎక్కువ గోల్స్ కొట్టినవాడిదే గెలుపన్న నిబంధన వల్ల ఇరాన్ వెళ్లింది. 2001లో ఉరుగ్వే దెబ్బ కొట్టింది. 2005 నవంబర్ 16న సిడ్నీలో అదే ఉరుగ్వే మీద పెనాల్టీ కిక్కుల్లో 4-2తో గెలిచి, 1974 తర్వాత మొదటిసారి ప్రపంచకప్‌లో అడుగుపెట్టింది. నిబంధన ఒకసారి కొట్టింది, ఒకసారి పెట్టింది. కాని ఆ నిబంధనలు ఆటకు ముందే అందరికీ తెలుసు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు 2009 నవంబర్ 18. పారిస్‌లో ఫ్రాన్సు, ఐర్లండు. డబ్లిన్‌లో మొదటి మాచ్ ఫ్రాన్సు 1-0తో గెలిచింది. పారిస్‌లో ఐర్లండు 1-0. లెక్క సమానమై అదనపు సమయానికి వెళ్లారు. అక్కడ తియరీ ఆన్రీ చేత్తో బంతిని ఆపి, గల్లాస్‌కు అందించాడు. గల్లాస్ తలతో గోలు చేశాడు. స్టేడియంలో చూడనివాడు ఒక్క రిఫరీయే. ఆన్రీ తర్వాత తన చేతికి తగిలిందని ఒప్పుకున్నాడు, మాచ్ మళ్లీ ఆడించడమే న్యాయమని కూడా అన్నాడు. ఫిఫా ఒప్పుకోలేదు. ఐర్లండు సమాఖ్యకు కోర్టు గొడవ లేకుండా 50 లక్షల యూరోలు ఇచ్చిన సంగతి 2015లో బయటికొచ్చింది. అలా వెళ్లిన ఫ్రాన్సు 2010లో ఒక్క మాచ్ గెలవకుండా గ్రూపులో ఆఖరున నిలిచి తిరిగొచ్చింది.

ఆ వీడియో నేను హాస్టల్‌లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఎందుకో చెబుతాను.

రెండేళ్ల క్రితం ఇంటర్ కాలేజియేట్ పోటీల్లో చివరి బెర్తు కోసం మనకూ, ఇంకొక కాలేజీకీ పాయింట్లు సమానమయ్యాయి. ఒక మాచ్ పెట్టారు. ఆఖరి పది నిమిషాల్లో మనకు కార్నర్ దొరికింది. గుంపులో ఎగిరాను. బంతి నా తలకు కాదు, మోచేతికి తగిలి మనవాడి కాళ్ల ముందు పడింది. గోలు. రిఫరీకి అడ్డంగా నలుగురున్నారు, ఆయన చూడలేదు. 1-0. మనవాళ్లు నన్ను భుజాలకెత్తుకున్నారు. పి.డి. గారు "శభాష్ రా" అని వీపు తట్టారు. బట్టలు మార్చుకునేచోట అవతలి టీము కుర్రాడొకడు, ఫస్టియర్ వాడనుకుంటాను, దగ్గరికొచ్చి "అన్నా, చేతికి తగిలింది గదా?" అని మెల్లగా అడిగాడు. పోట్లాటకు రాలేదు, తెలుసుకుందామని అడిగాడు. "లేదు తమ్ముడూ" అన్నాను. వాడు "సరే అన్నా" అని చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. వాళ్లు తెల్లవారుజామున బస్సెక్కి వచ్చారని, చార్జీలు తలా ఇంత వేసుకున్నారని తర్వాత తెలిసింది. తర్వాతి రౌండులో మేం 4-0తో ఓడాం. ఆ నాలుగు గోల్సూ నాకిప్పుడు సరిగా గుర్తులేవు. వాడి "సరే అన్నా" మాత్రం పోలేదు.

ఇది చదివి మన టీము మిత్రులకు కోపం రావచ్చు. వాళ్ల తప్పేం లేదు, నాదే. ఆన్రీ కనీసం ఆ రాత్రే ఒప్పుకున్నాడు. నాకు రెండేళ్లు పట్టింది.

అందుచేత ప్లే-ఆఫ్ ఎత్తెయ్యమని నేననను. చీటీ కన్నా, కాగితం మీది లెక్క కన్నా అదే మేలు. కాని మూడు షరతులు. మొదటిది, నిబంధనలన్నీ మొదటి మాచ్‌కు ముందే ప్రకటించాలి. 2009లో అర్హత పోటీలు చివరికొచ్చాక, ప్లే-ఆఫ్ జోడీలను రాంకింగు చూసి వేస్తామని ఫిఫా చెప్పింది. ఫ్రాన్సు లాంటివాళ్లు ఒకవైపు, ఐర్లండు లాంటివాళ్లు ఇంకొకవైపు. ఐర్లండు మొదటి ఫిర్యాదు చేతిబంతి గురించి కాదు, దీని గురించే. రెండవది, వీలైతే ఇరుచోట్లా రెండు మాచ్‌లు, కాకపోతే తటస్థ మైదానం. ఆన్రీ చెయ్యి పెట్టిన రోజునే అల్జీరియా, ఈజిప్టు మధ్య తగువు సూడాన్‌లోని ఓమ్‌దుర్మాన్‌లో తేలింది. అల్జీరియా 1-0తో గెలిచింది. ఆరు రోజుల ముందు కైరోలో అల్జీరియా ఆటగాళ్ల బస్సు మీద రాళ్లు పడ్డాయి. మూడోచోటు కాకపోతే ఏమయ్యేదో ఊహించుకోండి. మైదానం ఎంత ముఖ్యమో 1973 చెప్పింది. చిలీలో సైనిక కుట్ర జరిగాక శాంటియాగో జాతీయ స్టేడియాన్ని జైలుగా వాడారు. అక్కడ ప్లే-ఆఫ్ ఆడనని సోవియట్ యూనియన్ రాలేదు. నవంబర్ 21న చిలీ ఆటగాళ్లు ఒక్కరే దిగి, ఖాళీ గోలులోకి బంతి తన్ని, ప్రపంచకప్‌కు వెళ్లారు. దాన్ని ఆట అనాలా?

మూడవది, రిఫరీకి సాయం. 2018 ప్రపంచకప్ నుంచి వీడియో వచ్చింది, మంచిదే. కాని మన గ్రౌండులో వీడియో లేదు. మన దగ్గరున్నది ఆటగాడి నోటిమాట ఒక్కటే.

యూనియన్ మిత్రులకు ఒక మనవి. నిరుడు మన ఇంటర్ క్లాసు టోర్నమెంటులో నాలుగో సెమీస్ స్థానం గోల్స్ తేడాతో ఇచ్చేశారు. నెగ్గినవాళ్లు ఆ గోల్స్‌లో చాలాభాగం కొట్టింది ఎనిమిది మందితో దిగిన టీము మీద. ఓడినవాళ్లు ఇప్పటికీ కాంటీన్‌లో ఆ మాట ఎత్తుతారు. ఈ ఏడు సమానమైతే ప్లే-ఆఫ్ పెట్టండి. ఆ సంగతి ముందే రాసి నోటీసు బోర్డుకు అంటించండి. లైన్స్‌మన్‌లుగా ఆ రెండు క్లాసులవాళ్లు కాని ఇద్దరిని నిలబెట్టండి. పైసా ఖర్చులేని పని.

ఆ కుర్రాడి పేరు నాకు తెలియదు. ఆ కాలేజీ మిత్రులెవరి చేతికైనా ఈ సావనీరు వెళ్తే వాడికి ఒక్క మాట చెప్పండి. తమ్ముడూ, తగిలింది.