మలుపు అవతల విలన్!

హీరో గోడ వారగా నక్కి నక్కి వస్తుంటాడు. మలుపు అవతల కత్తి పట్టుకుని విలన్! హాల్లో వున్న మనందరికీ కనిపిస్తాడు, ఒక్క హీరోకి తప్ప. "ఒరేయ్, అటు పోకురా!" అని నేల టిక్కెట్టు నించి ఒకటే కేకలు. ఆ కేక వేసే పని కెమెరాకి అప్పజెప్పిన వాళ్ళున్నారంటే నమ్ముతారా?

అమెరికాలో ఎం.ఐ.టి. మీడియా లాబ్‌లో ఆండ్రియాస్ వెల్టెన్, మన నాసిక్‌లో పుట్టిన రమేశ్ రాస్కర్, వాళ్ళ బృందం 2012లో ఆ పని చేసి చూపించారు. అద్దాలు పెట్టలేదు. ఎదురుగా వున్న గోడ మీదకి లేజర్ వెలుగుని ఓ తునకగా కొట్టారు. అది నలుదిక్కులా చెదిరింది. అందులో రవ్వంత మలుపు అవతలకి పోయి, అక్కడ దాచిన బొమ్మని తాకి, మళ్ళీ గోడకొచ్చి, అక్కణ్ణించి కెమెరాకి చేరింది. దగ్గరున్న చేతికి తగిలిన వెలుగు ముందొస్తుంది, దూరంగా వున్న కాలికి తగిలింది ఓ పిసరు ఆలస్యంగా వస్తుంది. సెకనులో నూరు కోట్లో వంతులో కాంతి 30 సెంటీమీటర్లు పోతుంది. ఇక ఆ పిసరెంతో మీరే ఊహించుకోండి! ఆ ఆలస్యాలన్నీ లెక్కగట్టి కంప్యూటర్ బొమ్మ రూపం కట్టేసింది. అయితే వాళ్ళు చూడగలిగిన చోటు అన్ని వైపులా 40 సెంటీమీటర్లే. మన విలన్ మీసాలు కూడా పట్టవు!

అన్నట్టు, వీళ్ళ కెమెరా సెకనుకి లక్ష కోట్ల ఫ్రేములు తీస్తుందని పేరొచ్చింది. సీసాలోంచి వెలుగు పాకుతూ పోయే వాళ్ళ ఫిల్ము చూసి నేను నోరు తెరిచాను. కానీ అది ఒక్క టేకులో తీసింది కాదు. ఆ కెమెరా ఒకసారికి ఒక్క గీతనే చూస్తుంది. అదే వెలుగుని లక్షలసార్లు కొట్టి, గీత పక్కన గీత చేర్చి ఎడిట్ చేశారు. అన్ని టేకులకీ విసుక్కోని ఆర్టిస్టు కాంతి ఒక్కటేనేమో!

2021లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో వెల్టెన్ బృందం మలుపు అవతల కదిలే దృశ్యాన్నే అప్పటికప్పుడు చూపించింది. సెకనుకి 5 ఫ్రేములు. సినిమాకి 24.

మంటలంటుకున్న ఇంట్లో పసివాడు ఏ మూలనున్నాడో గుమ్మం దగ్గరే ఫైరింజన్ వాళ్ళకి తెలుస్తుందంటే చేతులెత్తి మొక్కుతాను. కానీ మన ఫోటోగ్రాఫర్ల సంగతి ఎరిగినవాణ్ణి. హీరోయిన్ మేకప్ రూమ్ తలుపు ఓరగా వుంటే చాలనే కెమెరా వాళ్ళ చేతికొస్తే? అప్పుడు వాచ్‌మన్‌ని గుమ్మం ముందు కాదండీ, ఎదుటి గోడ దగ్గర నిలబెట్టాలి!