తిరిగెళ్లిన మెయిలు ఏం చెబుతుంది?

"మీ ఆఫీసుకి మెయిలు పంపితే వెనక్కొచ్చేస్తోందండీ!"

ఫోన్‌లో ఈ మాట వినగానే ఎవరైనా ముందు చేసేది ఇన్‌బాక్స్ తెరిచి చూడటం. పొద్దుట్నుంచీ వచ్చిన మెయిళ్లు పదో పదిహేనో కనిపిస్తాయి. "మాకు బాగానే వస్తున్నాయి. తేడా మీ దగ్గరే ఉన్నట్టుంది, చూసుకోండి" అని ఫోన్ పెట్టేస్తారు.

అసలు చిక్కంతా అక్కడే. కంపెనీ పంపిన మెయిలు తిరిగొస్తే కంపెనీకే తెలుస్తుంది. కంపెనీకి రావాల్సింది తిరిగెళ్తే మాత్రం ఆ కబురు పంపినవారికే అందుతుంది. ఇన్‌బాక్స్‌లో దాని జాడే ఉండదు. వెళ్లిపోయింది కొత్త ఆర్డరు కావచ్చు, టెండరు పిలుపు కావచ్చు, ఉద్యోగానికి వచ్చిన దరఖాస్తు కావచ్చు. పనిగట్టుకుని ఫోన్ చేసి చెప్పేది ఏ ఒకరిద్దరో. మిగతావాళ్లు ఇంకో కంపెనీని చూసుకుంటారు. అందుకే అలా చెప్పినవారికి ముందు థ్యాంక్స్ చెప్పి, తర్వాత ఒక్క సాయం అడగాలి.

కవరు మీద రాత

తిరిగొచ్చిన ఆ మెయిలును ఉన్నదున్నట్టు పంపమనాలి. కంపెనీ చిరునామాకి కాదు సుమా! అది మళ్లీ వెనక్కే పోతుంది. జీమెయిల్ లాంటి వేరే ఖాతాకో, వాట్సాప్‌లో ఫొటో తీసో పంపమనండి. పైన రెండు లైన్లు చాలవు, మొత్తం కావాలి. చాలామంది దాన్ని అర్థంకాని ఇంగ్లిషు గొడవ అనుకుని చెరిపేస్తుంటారు. నిజానికి చిరునామాదారు దొరకనప్పుడు పోస్ట్‌మ్యాన్ కవరు మీద కారణం రాసి వెనక్కి పంపుతాడే, ఇదీ అంతే. చదవడం వస్తే సగం పని అయిపోయినట్టే.

అందులో చూడాల్సినవి మూడు. వద్దన్నది ఏ సర్వరు? ఏ చిరునామా గురించి? ఏ నంబరు వేసింది?

మెయిళ్లు చేరవేసే ఎస్ఎంటీపీ పద్ధతికి జాన్ పోస్టెల్ 1982లో రాసిన నిబంధనల నుంచీ మూడంకెల జవాబులు వాడుకలో ఉన్నాయి. మొదటి అంకె 4 అయితే 'ఇప్పుడు కాదు, కాసేపాగి రా' అని. పంపిన సర్వరు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కనీసం నాలుగైదు రోజులు చూడాలన్నది నిబంధన. మొదటి అంకె 5 అయితే 'ఇక రావద్దు' అని అర్థం. దాని పక్కనే చుక్కలతో ఇంకో నంబరు ఉంటుంది. 5.1.1 అంటే ఆ పేరుతో ఎవరూ లేరు. 5.2.2 అంటే పెట్టె నిండిపోయింది. 5.3.4 అంటే మెయిలు మరీ పెద్దది. 5.7.1 అంటే అనుమతి లేదు.

గుమ్మం దాకా వచ్చిందా?

ఇప్పుడు సర్వరు లాగ్ తెరవాలి. పంపినవారి చిరునామా, పంపిన సమయం పెట్టి వెతకాలి. ఆ మెయిలును కాదన్నట్టు లాగ్‌లో ఉంటే లోపం లోపలే ఉంది. అసలు ఆ ఊసే లేకపోతే మెయిలు గుమ్మం దాకా రాలేదని.

రాకపోతే ముందు అనుమానించాల్సింది డొమైన్ పేరునే. గడువు తీరినా రెన్యువల్ చేయించలేదేమో! తర్వాత ఎంఎక్స్ రికార్డు. ఈ డొమైన్‌కి వచ్చే మెయిళ్లు ఏ సర్వరుకి వెళ్లాలో చెప్పేది అదే. వెబ్‌సైట్‌ను కొత్త హోస్టింగ్‌కి మార్చినప్పుడు డొమైన్ సెట్టింగులన్నీ మార్చేసి ఎంఎక్స్ సంగతి మర్చిపోవడం మామూలే. ఎన్ఎస్‌లుకప్ కమాండ్‌తో నిమిషంలో చూసుకోవచ్చు. అయితే ఆఫీసు బయటి నెట్ కనెక్షన్ నుంచి చూడాలి. ఎంఎక్స్ రికార్డులు రెండుంటే చిన్న నంబరున్న సర్వరుకి మొదట వెళ్తుంది. అది అందుబాటులో లేనప్పుడు రెండోదానికి. ఆ రెండోది ఎప్పుడో వదిలేసిన పాత సర్వరు అయితే కొన్ని మెయిళ్లు వస్తాయి, కొన్ని పోతాయి. ఇన్‌బాక్స్ చూసి మోసపోయేది ఇలాంటప్పుడే.

ఇంకో తమాషా ఉంది. కంపెనీ వెబ్‌సైట్ ఒకచోట, మెయిలు మరోచోట పెట్టుకున్నప్పుడు, వెబ్‌సైట్ ఉన్న సర్వరు 'ఈ డొమైన్ మెయిళ్లు కూడా నావే' అనుకుంటుంది. సైట్‌లోని ఫారం నింపి పంపిన ప్రశ్నల్ని తన దగ్గరే వెతికి, ఆ పేరుతో ఎవరూ లేరనేస్తుంది. బయటివాళ్ల మెయిళ్లు మాత్రం చక్కగా వస్తాయి. హోస్టింగ్ ప్యానెల్‌లో మెయిళ్లు బయటి సర్వరుకి వెళ్లాలని మార్చితే సరిపోతుంది.

గుమ్మం దగ్గరే వద్దంటే

5.1.1 కనిపిస్తే ముందు స్పెల్లింగు చూడాలి. అది సరిగానే ఉంటే ఆ ఉద్యోగి మానేసి ఉంటారు. మనిషి వెళ్లగానే ఖాతా తీసేస్తారు గానీ, ఆ చిరునామా విజిటింగ్ కార్డుల్లో, పాత ఇన్వాయిస్‌లలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. దానికి వచ్చే మెయిళ్లు ఆ సీట్లోకి వచ్చినవారికి చేరేలా ఏర్పాటు చేయాలి.

'రిలే యాక్సెస్ డినైడ్' అని ఉంటే, ఆ డొమైన్ తనదేనని సర్వరుకే తెలియడం లేదని. కొత్త సర్వరుకి మారినప్పుడు ఎక్కువగా వచ్చే తిప్పలు ఇవి. డొమైన్ల జాబితాలో పేరు చేర్చితే పోతుంది.

సైజు సంగతి మరీ తికమక. జతచేసిన ఫైలు మెయిలులో ప్రయాణించేటప్పుడు మూడో వంతుకు పైగా ఉబ్బుతుంది. పోస్ట్‌ఫిక్స్ సర్వరులో పరిమితి మార్చకపోతే కోటీ 2 లక్షల 40 వేల బైట్లు, అంటే సుమారు 10 ఎంబీ. అక్కడ 8 ఎంబీ ఫైలు కూడా వెనక్కి పోతుంది! ఇక 452 4.3.1 కనిపిస్తే సర్వరులో ఖాళీ తగ్గిందని. ఇది తాత్కాలికమే. డిస్కులో చోటు చేస్తే ఆగిన మెయిళ్లు వాటంతటవే వచ్చేస్తాయి.

కాపలాదారే కొంప ముంచితే

స్పామ్ పంపే సర్వర్ల బ్లాక్‌లిస్టులు బయటి సంస్థలు నడుపుతాయి. మెయిలు రాగానే సర్వరు ఆ జాబితాను అడిగి, పేరుంటే వెనక్కి పంపేస్తుంది. ఓఆర్‌డీబీ అలాంటి జాబితానే. 2006 డిసెంబరులో మూతపడింది. ఆ పేరును సెట్టింగుల్లోంచి తీసేయని కంపెనీలు చాలానే మిగిలాయి. 2008 మార్చిలో ఉన్నట్టుండి అది, ఎవరి గురించి అడిగినా 'జాబితాలో ఉన్నారు' అని జవాబివ్వడం మొదలుపెట్టింది. దాన్ని నమ్ముకున్న సర్వర్లు మంచీ చెడూ చూడకుండా మెయిళ్లన్నిటినీ తిప్పికొట్టాయి. సార్బ్స్ అనే మరో జాబితా 2024లో ఆగిపోయింది. ఇలాంటి పాత పేర్లు ఉంటే వెంటనే తీసేయాలి.

నడుస్తున్న జాబితాలతోనూ జాగ్రత్త అవసరమే. స్పామ్‌హౌస్‌ను గూగుల్ లాంటి పబ్లిక్ డీఎన్ఎస్ ద్వారా అడిగితే అది సమాధానం బదులు ఎర్రర్ కోడ్ పంపుతుంది. సరిగా సెట్ చేయని సర్వరు దాన్నే 'పేరుంది' అని చదువుకుని వచ్చినవాళ్లనల్లా గెంటేస్తుంది. సొంత డీఎన్ఎస్ వాడటమే దీనికి విరుగుడు.

ఇదంతా బాగుపడ్డాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది. 5తో తిరిగెళ్లిన మెయిలు దానంతటది మళ్లీ రాదు. సర్వరు బాగైందని సంబరపడి ఊరుకుంటే ఆ ఆర్డరు పోయినట్టే. సర్వరే వద్దని ఉంటే పంపినవారి చిరునామాలు లాగ్‌లో ఉంటాయి. అందులో స్పామ్ పోగా మిగిలినవారికి 'మా సర్వరులో లోపం వల్ల మీ మెయిలు అందలేదు, దయచేసి మళ్లీ పంపండి' అని రాయాలి. మెయిలు గుమ్మం దాకా రాని రోజుల్లో అయితే ఆ పేర్లు కూడా దొరకవు. రోజూ రాసే ఖాతాదారుల్లో ఆ రోజుల్లో చప్పుడు లేనివారెవరో చూసి ఫోన్ చేయాలి. ఇక ముందు జాగ్రత్తగా నెలకోసారి బయటి ఖాతా నుంచి కంపెనీ చిరునామాలన్నిటికీ ఒక్కో మెయిలు పంపి చూసుకుంటే, ఈసారి సంగతి ఖాతాదారు కంటే ముందు కంపెనీకే తెలుస్తుంది.