గుణం వావిలాకుదా, కాపడానిదా?

బాలింతకు వావిలాకు మరిగించిన నీళ్లు పోయడం, మోకాలు పట్టేస్తే అదే ఆకు వెచ్చచేసి కట్టడం తెలుగు ఇళ్లలో తరతరాల అలవాటు. ఆయుర్వేదం నిర్గుండి అనేది దీన్నే. వావిలికి వాపు తగ్గించే గుణం ఉందని చెప్పే పరిశోధన పత్రాలకు కొదవ లేదు. కొదవంతా మనుషుల మీద జరిగిన గట్టి పరీక్షలకే.

ప్రయోగశాలలో సాధారణంగా సముద్రపు నాచు నుంచి తీసిన క్యారజీనన్‌ను ఎలుక పాదంలోకి ఎక్కిస్తారు. కొద్ది గంటల్లో పాదం ఉబ్బుతుంది. ముందుగా ఆకుసారం తాగించిన ఎలుకకు ఆ ఉబ్బు ఎంత తగ్గిందో కొలిచి, ఇండోమెథాసిన్ లాంటి మందుతో పోలుస్తారు. 1962 నుంచి వాడుకలో ఉన్న ఈ పద్ధతి తొలి వడపోతకు పనికొస్తుంది, కాదనం. కానీ అమ్మమ్మ ఆకును మోకాలికి కట్టింది. ఇక్కడ ఎలుకకు తాగించేది చాలాసార్లు ఆల్కహాల్‌తో తీసిన సారం. ఆమెది ఏళ్ల తరబడి అరిగిన కీలు, ఎలుకది పూటలో వచ్చిన వాపు. ఎలుక పాదం చెప్పిన జవాబు అమ్మమ్మ మోకాలికి చాలదు.

పైగా ఉత్త వేడి కాపడంతోనే నొప్పి కొంత సర్దుకుంటుంది. ఉపశమనం ఆకుదా, వేడిదా తేలాలంటే కొందరికి వావిలాకు, కొందరికి అంతే వేడితో మామూలు ఆకు చీటీలు తీసి కట్టాలి. ఎవరికి ఏది కట్టారో నొప్పి లెక్క రాసుకునేవారికి తెలియకూడదు. వావిలి ఘాటు వాసన రోగికి గుట్టు చెప్పేస్తుంది కనుక దాన్ని కప్పే ఉపాయమూ ఆలోచించాలి. ఇందుకు భారీ యంత్రాలేవీ అక్కర్లేదు, ఓపిక కావాలి.

రక్తపోటు తగ్గించే సర్పగంధ అనే మూలిక విషయంలో మనవాళ్లు ఆ ఓపిక చూపారు. గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ 1931లోనే దాని గుణం రాశారు. ముంబయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 50 మంది రక్తపోటు రోగులపై వాడి చూసిన ఫలితాలను 1949లో ప్రచురించాకే ప్రపంచం తల తిప్పి చూసింది.

వావిలి తైలం లాంటి, పాత గ్రంథాల్లోని మందు యోగాలకు లైసెన్సు ఇచ్చేటప్పుడు మన నిబంధనలు మనుషులపై కొత్త పరీక్షలు అడగవు. ఈ మినహాయింపు పోవాలి. రుమటాయిడ్ కీళ్లవాతానికి తొలినాళ్లలోనే సరైన మందు పడకపోతే కీళ్లు శాశ్వతంగా వంకరపోవచ్చు. తైలాన్ని నమ్ముకుని ఆగిన నెలలు తిరిగి రావు. ఆయుష్ శాఖ వావిలి పరీక్షకు డబ్బు కేటాయించాలి, దాన్ని ముందుగా జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయించాలి, ఫలితం వావిలికి ప్రతికూలంగా వచ్చినా దాచకుండా అచ్చువేయాలి. అంతవరకు ఏ తైలం సీసా మీదా ‘కీళ్ల నొప్పులు మాయం’ అన్న మాట కనిపించకూడదు.