పల్లె వైద్యశాలకు ప్రశ్నించు హక్కు లేదా?

పరిశోధన యనగా మహానగరములందలి ప్రయోగశాలల పనియనియు, పల్లె వైద్యశాల పని మాత్రలు పంచుట, రిజిస్టరులు నింపుట మాత్రమేయనియు మనలో చదువుకొన్నవారు సైతము నమ్ముచున్నారు. ఈ నమ్మకము తప్పు. తప్పు మాత్రమే కాదు, ప్రాణములకు చేటు.

2020 డిసెంబరు మొదటివారమున ఏలూరులో జరిగినది పాఠకులు మరచియుండరు. పిల్లలు, పెద్దలు ఉన్నచోటనే మూర్ఛవచ్చి పడిపోయిరి. కొలది దినములలో 600 మందికి పైగా వ్యాధిపాలైరి; ఒకరు మరణించిరి. ఢిల్లీ, హైదరాబాదులనుండి పండితులు వచ్చిరి. రక్తములో సీసము, నికెలు కలవనిరి. పురుగుమందుల యవశేషము లనిరి. అవి యే దారిని దేహములలో జొచ్చెనో నిస్సందేహముగ తేలలేదు. వచ్చినవారి పాండిత్యమును నేను శంకింపను. కాని యట్టివేళ మొదట కావలసినది, ఆ వీధుల సామాన్యస్థితి నిన్నమొన్నటివరకు నెట్లుండెనను లెక్క. దానిని ఢిల్లీనుండి యెవరును తేజాలరు. ఆ వీధి వైద్యశాలయే వ్రాసి యుంచవలెను.

“నర్సులకు, ఆశా కార్యకర్తలకు పరిశోధన యేమి తెలియు”నని యాక్షేపించువారు కలరు. వారికి మన గోదావరి మండలమే సమాధానము. 2003-04లో ఉభయగోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో, సుమారు 1,80,000 జనుల నడుమ, శిక్షణపొందిన ఆరోగ్య కార్యకర్తలే మరణము సంభవించిన యిండ్లకు పోయి, చివరి దినముల లక్షణము లడిగి వ్రాసికొనిరి. వైద్యులు వానిని చదివి కారణములు నిర్ణయించిరి. దాదాపు మూడవవంతు మరణములు గుండెకు, రక్తనాళములకు సంబంధించిన వ్యాధులవలననే యని తేలెను. పల్లెలను చంపునవి యంటువ్యాధులే యను పాత తలంపు దానితో తలక్రిందులయ్యెను.

తరువాత పశ్చిమగోదావరిలో 18 ప్రాథమికారోగ్యకేంద్రముల పరిధిలో ఆశా కార్యకర్తల చేతికి టాబ్లెట్ యంత్రములిచ్చి, గుండెజబ్బు ప్రమాదమున్నవారిని గుర్తింపజేసిరి. రక్తపోటు అదుపునకు వచ్చినవారి సంఖ్యలో చెప్పదగిన భేదము కానరాలేదని 2019లో ప్రకటించిరి. ఇది పరాజయమా? కాదు. కొలిచి చూడనిచో నేటికిని ఆ యంత్రములకు హారతులు పట్టుచునే యుందుము!

అయితే ఈ రెంటను చేతులు మనవి; ప్రశ్నలు వెలుపలి సంస్థలవి. నా ఫిర్యాదంతయు ఇదియే. కొల్లేటి లంకలోని నర్సునకు మందులకు రావలసిన వారిలో రానివారెవరో తెలియును. చేపలచెరువు కాపలా వదలి రాలేకనా, పడవదారి కష్టమై రాలేదా, మందు పనిచేయదని మానిరా యని విచారించు తీరికగాని, శిక్షణగాని యామెకు నెవరిచ్చిరి? ఆమె వ్రాయు లెక్క పైకి పోవునే గాని, ఫలితమై క్రిందికి దిగివచ్చునా?

ఇంగ్లండులో విలియం పికిల్స్ అను పల్లెవైద్యుడు, 1929లో తన లోయలో కామెర్లు వ్యాపింపగా, ఎవరెవరిని ఎప్పుడు కలిసికొనిరో విచారించి, వ్యాధి బయటపడుటకు నాలుగైదు వారములు పట్టునని తేల్చెను. ఆయనకున్న సాధనము లేవి? కాగితము, కలము, ఓపిక, ఊరివారి పరిచయము. ఇవి మన వైద్యశాలలకు లేనివా?

పనిభారమున క్రుంగినవారిపై మరియొక బరువా యందురు. న్యాయమే. కావున నిష్ప్రయోజనమైన రిజిస్టరులు తగ్గింపుడు. ప్రతి కేంద్రమున ఒక వైద్యునకు, ఒక నర్సునకు వారమున నొకపూట జీతముతోడి తీరిక నిండు. లెక్కించుట, పోల్చుట, రోగి యనుమతి పొందుట, గుట్టు కాపాడుట నేర్పుడు. 2023లో ఏలూరున ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది. దాని యధ్యాపకులు లంకలకును, తాడేపల్లిగూడెము పరిసర గ్రామములకును పోయి నేర్పవలెను, నేర్చుకొనవలెను. తేలిన సంగతిని గ్రామసభలో తెలుగున చదివి వినిపింపవలెను.

పాఠకులారా! మీ యూరి వైద్యశాలకు పోయినపుడు మందులున్నవా యని మాత్రమే యడుగకుడు. “మా రోగములనుండి నిరుడు మీరేమి నేర్చుకొంటి”రని యడుగుడు. ఆ ప్రశ్నకు ఉత్తరము లేని వైద్యశాల, ఎంత మంచి మందు నిచ్చినను, చీకటిలో నిచ్చుచున్నదే.