ఆరోగ్య శీర్షిక: వాపును ఆపే మాత్ర, వాపు మూలాన్ని తీసివేసే మాత్ర

శ్రీరాంపూర్ గనుల కాలనీలలో మేము తరచుగా వినే ప్రశ్న ఒకటున్నది. "కీళ్ల వాపుకు మాత్ర వేసుకుంటే తగ్గుతుంది, మానితే మళ్ళీ వస్తుంది. ఎందుకండీ?"

వాపు పుట్టించే పనిని మన కణాలలోని కొన్ని ప్రోటీన్లు నడిపిస్తాయి. మామూలు నొప్పి మాత్రలు చాలావరకు ఆ ప్రోటీన్‌ను కొన్ని గంటలు పట్టి ఉంచుతాయి, అంతే. పట్టు వదలగానే అది మళ్ళీ పనిలో పడుతుంది. అలా కాక, ఆ ప్రోటీన్‌నే లేకుండా చేస్తే?

ఇందుకు తగిన ఏర్పాటు మన శరీరంలోనే ఉన్నది. కణం తనకు అక్కరలేని ప్రోటీన్‌కు యుబిక్విటిన్ అనే చిన్న గుర్తు తగిలిస్తుంది. గుర్తు పడినదానిని ప్రోటియాజోమ్ అనే యంత్రం ముక్కలు చేస్తుంది. ఇంట్లో చెత్తను వేరుచేసి బయట పెట్టినట్టే. ఈ సంగతి కనిపెట్టిన చికనోవర్, హెర్ష్కో, రోజ్ అనే ముగ్గురికి 2004లో నోబెల్ బహుమానం లభించింది. ఒక చేత్తో చెడు ప్రోటీన్‌ను, మరో చేత్తో గుర్తు వేసే యంత్రాన్ని పట్టి రెంటినీ కలిపే మందును చేయవచ్చునని 2001లో అమెరికాలో క్రూస్, డెషేస్‌ల బృందాలు చూపించాయి.

విచిత్రమేమంటే, ఇలా పనిచేసే మందు ఒకటి అప్పటికే ఎన్నో ఏళ్లుగా కుష్ఠు రోగుల చేతిలో ఉన్నది. అదే థాలిడోమైడ్. 1957లో జర్మనీలో నిద్రమాత్రగా అమ్మారు. గర్భిణులు వాడగా వేలాది శిశువులు కాళ్లూ చేతులూ సరిగా లేకుండా పుట్టారు. 1961లో దానిని ఉపసంహరించారు. కొన్నేళ్లకు యెరూషలేములో డాక్టర్ షెస్కిన్, కుష్ఠు రియాక్షన్‌తో నిద్రలేక బాధపడే రోగులకు ఆ మాత్ర ఇవ్వగా, ఎర్రని గడ్డలు, జ్వరం త్వరలోనే తగ్గిపోయాయి! అది అంటుకునేది గుర్తు వేసే యంత్రంలోని సెరెబ్లాన్ అనే భాగానికని 2010లో జపాను శాస్త్రజ్ఞులు తేల్చారు. పిండం అవయవాలకు అవసరమైన సాల్4 అనే ప్రోటీన్ కూడా ఇదే దారిన నాశనమవుతుందని 2018లో తెలిసింది. మేలు చేసే దారీ, కీడు చేసే దారీ ఒకటే అన్నమాట.

మన పొరుగున డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారు కుష్ఠు ఆసుపత్రి స్థాపించిన నాటికి రోగులకు చాల్‌మూగ్రా నూనె తప్ప గతి లేదు. నేడు ఎం.డి.టి. మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. చికిత్స నడుమ గడ్డలు లేచి జ్వరం వస్తే మందు పడలేదని కొందరు మానేస్తారు. మానరాదు. అది రియాక్షన్, ఆలస్యమైతే నరాలు దెబ్బతిని చేతులు వంకరపోతాయి, కన్ను కూడా చెడవచ్చు. వెంటనే డాక్టరుకు చూపాలి. సాధారణంగా మొదట స్టెరాయిడ్ ఇస్తారు.

కీళ్లకు, చర్మానికి వచ్చే వాపు జబ్బులకై ఐరాక్4, స్టాట్6 వంటి ప్రోటీన్లను తీసివేసే కొత్త మాత్రలను మనుషులపై పరీక్షిస్తున్నారు. మందుల షాపులో అడిగితే ఇంకా దొరకవు. థాలిడోమైడ్ మాత్రం డాక్టరు చీటీపై, కట్టుదిట్టమైన పర్యవేక్షణలోనే వాడాలి. గర్భం వచ్చే అవకాశమున్న స్త్రీ ఉన్న ఇంట్లో, రోగి పురుషుడైనా సరే, ఈ విషయం ముందుగానే డాక్టరుకు చెప్పండి. మిగిలిన మాత్రలు పక్కింటివారికి ఒక్కటి కూడా ఇవ్వకండి.