నడుం నొప్పికి జ్వరం తోడైతే...

నాట్లేసి గట్టెక్కాక నడుం పట్టుకోని ఆడమనిషి ఉండదు. రొయ్యల తలలు తీసినా, కొబ్బరి పీచు మోసినా, ఇంట్లో నీళ్ల బిందె ఎత్తినా మొదట మూలిగేది నడుమే. అల్లవరం నుంచి ఓడలరేవు దాకా ఏ గడపలో అడిగినా ఇదే మాట. అందుకే నడుం నొప్పిని మనం జబ్బు కింద లెక్కెయ్యం. ఇంట్లోవాళ్లూ లెక్కెయ్యరు. ఓ మాత్ర, కాస్త కాపడం, తెల్లారితే మళ్లీ పని.

చాలాసార్లు అదే సరిపోతుంది. కానీ సరిపోని నొప్పి ఒకటుంది. వెన్నుపాము పొరకూ వెన్నెముకకూ మధ్య సన్నని సందులో చీము చేరడం వల్ల వచ్చేది. అరుదైనదే, కానీ ఆలస్యం చేస్తే కాళ్లు పడిపోతాయి. ఒంటిమీది సెగగడ్డ నుంచో, మానని కాలిపుండు నుంచో, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ నుంచో సూక్ష్మజీవులు రక్తంలో కలిసి అక్కడికి చేరతాయి. షుగరున్నవాళ్లకి ఈ ముప్పు ఎక్కువ.

కాన్పప్పుడు వెన్నులో ఇచ్చిన మత్తు సూది వల్లే ఈ నొప్పులన్నీ అని మనలో చాలామంది నమ్మకం. ఆ సూది వల్ల చీము పట్టడం చాలా అరుదు. అయితే సూది తర్వాత కొద్ది రోజుల్లో జ్వరం, నడుం నొప్పి కలిసి వస్తే మాత్రం డాక్టరుకి చెప్పాల్సిందే.

మొదట ఒకేచోట పోటు. తర్వాత అది కాళ్లలోకి జివ్వున లాగుతుంది. ఆపైన తిమ్మిరి, కాళ్లలో పట్టు తప్పడం, మూత్రం ఆగిపోవడమో తెలియకుండా పోవడమో. నొప్పి, జ్వరం, కాళ్ల బలహీనత మూడూ కలిసి కనబడేది కొందరిలోనే. జ్వరం లేదు కదా అని ధీమా పడకూడదు. నొప్పి తగ్గడానికి వేసుకునే మాత్రలే జ్వరాన్నీ కప్పేస్తాయి.

ఎక్స్‌రేలో మొదట్లో ఏమీ తేలకపోవచ్చు. రక్తపరీక్షలు చేసి, ఎమ్మారై తీస్తేనే బయటపడుతుంది. రక్తాన్ని కల్చరుకిస్తే సూక్ష్మజీవి ఏదో తెలుస్తుంది. దానికి తగిన మందు నరానికి ఎక్కిస్తారు. వైద్యం ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. వెన్నుపాము నలుగుతుంటే ఆపరేషన్ చేసి చీము తీస్తారు. కాళ్లు పూర్తిగా పడిపోయి ఒకటిన్నర రోజు దాటితే మళ్లీ నడిచే ఆశ బాగా తగ్గిపోతుంది.

వెన్నుకి క్షయ పట్టినా చీము చేరుతుంది. అది నెలల తరబడి మెల్లగా ముదురుతుంది. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం దాని గుర్తులు. మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. కాస్త తేలికపడిందని మధ్యలో మానకుండా సుమారు ఏడాది వాడాలి.

ఊళ్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎమ్మారై ఉండదు. అమలాపురమో, కాకినాడో వెళ్లాలి. అక్కడే మనం ఆగిపోతాం. కోతలయ్యాక చూద్దాం, పిల్లాడి పరీక్షలయ్యాక చూద్దాం, ఆయనకి తీరికయ్యాక చూద్దాం. ఈలోగా ఊళ్లోనే ఓ సూది, ఇంకో సూది. పెరట్లో ఆవు కుంటితే ఆ పూటే పశువుల డాక్టరుకి కబురెళ్తుంది. ఇంటి ఇల్లాలు కుంటితే వాయిదా!

నడుం నొప్పికి జ్వరం తోడైనా, కాళ్లు తేలిపోతున్నా, మూత్రం తేడా చేసినా ఆ రోజే బయల్దేరండి. 108కి ఫోన్ చెయ్యండి. షుగరుందనీ, పుండుందనీ, సూది వేయించుకున్నామనీ దాచకుండా చెప్పండి. ఇంట్లోవాళ్లు ఒప్పుకునేదాకా కూర్చోవద్దు. ఇంటిని మోసే నడుము గురించి అడిగే హక్కు మొదట మనదే.